దగ్గరి చూపు

మా బా కళ్ళద్దాలు రెండు రోజులు కనిపించలేదు. ఇల్లంతా వెతికాడు. యాడిని తిట్టాడు. చివరికి కోళ్ల గంప కూడా ఎత్తి చూశాడు. తీసింది నేను. మద్నూర్ అంగట్లో వంద రూపాయలకు కొన్న అద్దాలు అవి. చీటీ మీద +2.50 అని ఉంది. ఆ అంకె కోసమే తీశాను.

దీనికి మూలం మా బడిలో జరిగిన ఒక గొడవ. మద్నూర్ మండలంలో మా తండా పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో నేను టీచర్‌ని. పరిసరాల విజ్ఞానం పాఠంలో చీమ వచ్చింది. చీమకు ఎన్ని కాళ్ళు అని అడిగాను. సగం మంది నాలుగు అన్నారు. మేకకు నాలుగు, ఎద్దుకు నాలుగు, కుక్కకు నాలుగు ఉన్నప్పుడు చీమకు మాత్రం ఎందుకు వేరేగా ఉంటాయి? పిల్లల లెక్క పిల్లలది. పుస్తకంలో ఆరు అని రాసి ఉంది కాబట్టి ఆరు అని చెప్పి ముగించొచ్చు. ఒక పిల్ల మాత్రం వదల్లేదు. "సార్, మీరు చూసిన్రా?" అంది.

నేను చూడలేదు. నలభై ఏళ్లకు దగ్గర పడుతున్నాను, పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను, చీమ కాళ్ళు ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

మద్నూర్‌లో ఫోటో స్టూడియో నడిపే దోస్తు దగ్గర కెమెరా అడిగి తెచ్చాను. పెళ్ళిళ్లకు తీసే కెమెరా. దానికి 18-55 లెన్స్ ఉంది. చీమకు దగ్గరగా పెడితే బొమ్మ మసకబారింది, వెనక్కి జరిపితే చీమ నువ్వుగింజంత అయింది. ఇలాంటి వాటికి మ్యాక్రో లెన్స్ అని వేరే ఉంటుందని దోస్తు చెప్పాడు. ధర వేలల్లో. దాని ఊసు అక్కడితో వదిలేశాం. కానీ అదే మాటల్లో అతను ఇంకొకటి చెప్పాడు. లెన్స్ ముందు బిగించుకునే క్లోజప్ అద్దాలు వస్తాయట, నాలుగు కలిపి కొన్ని వందలకే దొరుకుతాయట, వాటి మీద +1, +2, +4, +10 అని ఉంటుందట. +2 అనగానే నాకు మా బా కళ్ళద్దాల చీటీ గుర్తొచ్చింది.

రెండూ ఒకటే. కంటి డాక్టరు రాసే పవరు, ఫోటోగ్రాఫర్ కొనే క్లోజప్ అద్దం అంకె, రెండింటి కొలత పేరు డయాప్టర్. లెక్క కూడా సులువు. 100ను ఆ అంకెతో భాగిస్తే అన్ని సెంటీమీటర్లు. +1 అయితే 100, +2 అయితే 50, +4 అయితే 25, +10 అయితే 10. కెమెరా లెన్స్‌ని దూరం వస్తువుకు ఫోకస్ చేసి వదిలేసి ఈ అద్దం పెడితే, అంత దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. కెమెరాకు ఉన్న దగ్గరి చూపు దానికి తోడైతే ఇంకా దగ్గరికి పోవచ్చు. నలభై దాటినవాళ్ళకు పేపరు చదవడానికి అద్దం ఎందుకో, కెమెరాకు ఇదీ అందుకే. లెక్కల క్లాసులో భాగహారం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మా బా కళ్ళద్దాల్లో ఒక అద్దాన్ని కెమెరా ముందు చేత్తో పట్టుకున్నాను. అంతకుముందు మొరాయించిన దూరం నుంచి ఇంకో బెత్తెడు దగ్గరికి పోయినా బొమ్మ నిలిచింది. అంచుల్లో ఊదా రంగు గీత పడింది, మూలలు కరిగిపోయినట్టు వచ్చాయి. అయినా చీమకు కాళ్ళు ఉన్నాయని తెలిసింది. ఆరు అని మాత్రం తేలలేదు. అద్దాలు తిరిగి ఇచ్చాను. తిట్లు పడ్డాయి.

తర్వాత దోస్తూ నేనూ సగం సగం వేసుకుని ఆ నాలుగు అద్దాల సంచీ తెప్పించాం. కొనాలనుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. కెమెరా లెన్స్ ముందు అంచు మీద సున్నాకు అడ్డగీత పెట్టిన గుర్తు, దాని పక్కన 49, 52, 58 లాంటి అంకె ఉంటుంది. అది లెన్స్ ముందు మరల వెడల్పు, మిల్లీమీటర్లలో. క్లోజప్ అద్దం కూడా ఆ వెడల్పుదే కావాలి. చవక సంచీల్లో ఒక్కో అద్దం ఒంటి గాజు బిళ్ల. +1, +2 బాగానే ఉంటాయి. +10 నడిమిట్ల మాత్రమే బాగుంటుంది, అంచుల్లో రంగులు విడిపోతాయి. ఒకటి కంటే ఎక్కువ గాజులు కలిపి ఆ రంగుల తేడా తగ్గించినవి కూడా ఉన్నాయి. రేనాక్స్ వాళ్ళ 250 రకం అలాంటిదే, +8 పవరు, ముందు అంచుకు క్లిప్పులా పట్టుకుంటుంది. ధర ఎక్కువే, మ్యాక్రో లెన్స్‌తో పోలిస్తే తక్కువ. మేం కొనలేదు. వస్తువును నడిమిట్ల పెట్టి తీసి, అంచులు కత్తిరించుకుంటే మా చవక అద్దమే చాలింది.

గాజే లేకుండా కూడా పని జరుగుతుంది. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య ఖాళీ గొట్టాలు పెడతారు, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు అంటారు. లెన్స్ ఎంత ముందుకు జరిగితే అంత దగ్గరిది పట్టుకుంటుంది. 50 లెన్స్‌కు 50 మిల్లీమీటర్ల గొట్టం పెడితే వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ అంతే పడుతుంది. వెలుతురు మాత్రం బాగా తగ్గుతుంది. ఇంకొకటి రివర్సల్ రింగ్. లెన్స్‌ని వెనక్కి తిప్పి బిగించే చిన్న చుట్టు. అన్నిటికంటే చవక, అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే ధూళికి తగలకుండా ఉండాల్సిన లెన్స్ వెనుక భాగం బయటికి వస్తుంది, కెమెరా దాన్ని గుర్తించదు. నేను దాన్ని చేనులో, గాలిలో, నల్లరేగడి దుమ్ములో బిగించి విప్పాను. ఆ వారం దోస్తు తీసిన పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికూతురు నుదుట ఒకటే బొట్టు ఉండాల్సింది, మూడు మచ్చలు వచ్చాయి. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కెమెరా తిరిగి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

అలా ఫోనుకు వచ్చాను. రావలసింది మొదటే అక్కడికి. కెమెరా ఉన్న ఇల్లు మా తండాలో ఒక్కటీ లేదు, ఫోను లేని ఇల్లూ లేదు.

దెగ్లూర్ పోయినప్పుడు ఒక మొబైల్ దుకాణంలో బట్టల క్లిప్పులాంటి లెన్స్ దొరికింది. అడిగింది మూడు వందలు, ఇచ్చింది రెండు వందల ఇరవై. ఫోను కెమెరా మీద క్లిప్పు పెట్టి, వస్తువుకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి. ఇందాకటి లెక్కను తిరగేస్తే దీని పవరు +33 నుంచి +50 దాకా పోతుంది. అందుకే కళ్ళద్దం చేయలేనిది ఇది చేస్తుంది. ఇప్పటి ఫోన్లకు వెనుక రెండు మూడు కెమెరాలు ఉంటాయి కదా. కెమెరా తెరిచి, ఒక్కొక్కదాన్ని వేలితో మూసి చూడండి. దేన్ని మూస్తే తెర నల్లబడుతుందో అదే అసలు కెమెరా, క్లిప్పు దాని మీదే పెట్టాలి. చవక ఫోన్లలో మ్యాక్రో అని రాసి విడిగా ఇచ్చే చిన్న కెమెరా చాలాసార్లు పేరుకే. ఇంత దగ్గరలో స్పష్టంగా కనిపించే మందం కాగితమంత. పురుగు కన్ను స్పష్టంగా ఉంటే తోక మసక. వేలితో జూమ్ చేయడం కాదు, ఫోన్నే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపాలి. మోచేయి నేలకో మోకాలికో ఆనించాలి, ఊపిరి బిగపట్టాలి, పది తీసి ఒకటి ఉంచుకోవాలి. ఆకును చెట్టు మీద కాకుండా తెంపి పలక మీద పెట్టుకుంటే గాలి బాధ ఉండదు. ఫోను నీడ పడకుండా పక్కన ఒక తెల్ల కాగితం నిలబెడితే వెలుతురు తిరిగి పడుతుంది. లెన్స్‌ని చొక్కా కొసతో తుడవొద్దు. మా దుమ్ములో ఇసుకరేణువులు ఉంటాయి, గీతలు పడతాయి. ఊది, మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దాలి.

చీమకు ఆరు కాళ్ళు. ముప్పై రెండు మంది పిల్లలూ చూశారు. మీరు చూసిన్రా అని అడిగిన పిల్లతోనే మొదట లెక్కపెట్టించాను.

ఆ యేడు వినాయక చవితి తర్వాత వానలు ఆగాయి. మా బా మూడెకరాల పత్తి ఎర్రబడడం మొదలైంది. మద్నూర్ అంటే పత్తి. జిన్నింగ్ మిల్లులు, దూది మూటల లారీలు, దూది ఎగిరిపడిన రోడ్డు అంచులు. పత్తి ఎర్రబడిందంటే ఇంట్లో అన్నం గొంతు దిగదు. బా ఒక మందుల దుకాణానికి పోయాడు. ఆకు తీసుకుపోలేదు, తీసుకురమ్మని అడిగినవాళ్ళూ లేరు. "ఎర్రబడ్డదా నాయక్? దోమ పడ్డది" అని రెండు సీసాలు ఇచ్చారు. కొట్టాడు. వారం తర్వాత ఇంకా ఎర్రబడింది. "డోసు సాలలే" అని ఇంకో సీసా. రెండు పిచికారీలకూ కూలితో కలిపి నాలుగు వేలు దాటింది, ఖాతా మీద.

శనివారం మధ్యాహ్నం చేనుకు పోయి మూడు చోట్ల నుంచి ఆకులు తెంపాను. పలక మీద వెల్లకిలా పెట్టి, ఈనెల దగ్గర క్లిప్పు లెన్స్ పెట్టాను. మామూలు కంటికి అక్కడ ఏమీ లేదు, ఎర్రమట్టి పొడిలాంటి చుక్కలు తప్ప. తెర మీద ఆ చుక్కలు నడిచాయి. సన్నటి బూజులాంటి దారాల మధ్య, గుండ్రటి ఒంటితో, నింపాదిగా. పది ఫోటోలు తీశాను. తొమ్మిది పోయాయి. పదోదాన్ని పెద్దది చేసి కాళ్ళు లెక్కపెట్టాను. ఒక పక్క నాలుగు, ఇంకో పక్క నాలుగు.

చీమ పాఠం ఇక్కడ పనికొచ్చింది. ఆరు కాళ్ళుంటే పురుగు జాతి. ఎనిమిది ఉంటే సాలీడు చుట్టం, నల్లి. పత్తిలో పచ్చదోమ కూడా ఆకును ఎర్రబరుస్తుంది, కానీ అది అంచు నుంచి మొదలవుతుంది, ఆకు కిందికి ముడుచుకుంటుంది, ముట్టుకుంటే పచ్చటి పిల్లదోమ పీతలా ఐమూలగా పరుగెత్తుతుంది. ఎర్రనల్లి అయితే ఆకు మీద ముందు లేత చుక్కలు, కింద బూజుగూడు. మెగ్నీషియం తక్కువైతే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడుతుంది, అప్పుడు పురుగూ ఉండదు నల్లీ ఉండదు. మూడూ ఎరుపే. చేను గట్టు మీద నిలబడి చూసేవాడికి మూడూ ఒకటే. దోమ మందు నల్లిని చంపదు. కొన్ని దోమ మందులైతే నల్లిని తినే మంచి పురుగులను చంపి నల్లిని ఇంకా పెంచుతాయి. మా చేనులో రెండోసారి కొట్టాక ఎరుపు ఎందుకు పెరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఫోటోను మా వ్యవసాయ విస్తరణ అధికారికి వాట్సాప్‌లో పంపి, సోమవారం రైతు వేదిక దగ్గర ఆకులతో కలిశాం. ఆకు తిప్పి చూసి, ఫోటో చూసి, "నల్లే సార్, దోమ లేదు" అన్నారు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఆకుల కింది వైపు తడిసేట్టు కొట్టమన్నారు. మూడు రకాల సీసాలు కలిపి కొట్టడం అలవాటైన మా బాకు ఒకే ఒక్క పసుపుపచ్చ పొడి ఏం చేస్తుందని అనుమానం. కొట్టాడు. కొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చాయి. ముందు ఎర్రబడి రాలిన ఆకులు తిరిగి రాలేదు, ఖాతా మీది నాలుగు వేలూ తిరిగి రాలేదు. ఆ దుకాణం వాళ్ళను మా బా ఏమీ అనలేదు. వచ్చే యేడు విత్తనాలు అప్పుకు మళ్ళీ అక్కడే తేవాలి.

కానీ తర్వాత మందుకు పోయినప్పుడు తన ఫోన్లో ఫోటో పెట్టుకుని పోయాడు. కౌంటర్ మీద ఫోను పెట్టి, "ఇది ఉన్నది. దీనికి ఇయ్యి" అన్నాడట. ఆ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఇప్పుడు మా బడిలో నాలుగు క్లిప్పు లెన్సులు ఉన్నాయి. ఐదో తరగతి పిల్లలు ఆదివారాలు చేన్లకు పోయి ఆకులు తెస్తారు. గుడ్డిపూలు విప్పి గులాబీ రంగు పురుగును చూస్తారు. గుడ్డు పగిలి బయటికి వచ్చినప్పుడు అది గులాబీ రంగులో ఉండదు, తెల్లగా ఉంటుంది, తల మాత్రం నల్లగా. పేరు విని గులాబీ రంగు కోసం వెతికేవాడికి దొరకదు. టీచర్లకు ఒక మాట. క్లిప్పు లెన్స్ కూడా కొనలేని చోట ఒక్క నీటి చుక్క చాలు. ఫోను వెల్లకిలా పెట్టి, ముందు కెమెరా మీద చిన్న చుక్క వేసి, దాని పైన ఆకును పట్టుకుంటే పెద్దదవుతుంది. ఫోను పాడైతే నన్ను అనొద్దు, చుక్క చిన్నదిగా ఉండాలి. ఇంకా లోపలికి పోవాలంటే ఫోల్డ్‌స్కోప్ ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మన దేశస్థుడు మను ప్రకాశ్, ఆయన విద్యార్థి జిమ్ సిబుల్‌స్కీ కలిసి చేసిన కాగితం సూక్ష్మదర్శిని. 2014లో దాని వివరాలు అచ్చువేశారు. మడత పెట్టిన అట్టలో పూసంత గాజు, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది.

మా తండాకు కెమెరాలు రాలేదని కాదు. తీజ్ పండుగకు ప్రతి యేడూ వస్తాయి. పెళ్ళికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచి, బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడుతుంటే, మోచేయంత పొడుగు లెన్సులు పట్టుకుని పట్నం నుంచి వస్తారు. గట్టు అవతల నిలబడి తీస్తారు. దగ్గరికి రారు, వస్తే ఆట ఆగిపోతుందంటారు. ఆ ఫోటోలు బాగుంటాయి, అబద్ధం చెప్పను. మా చెల్లెలు ఒకసారి క్యాలెండర్ మీద కూడా పడింది. ఎర్రటి ఫేటియా, మెరిసే అద్దాలు, వెనకాల మసకగా చేను. ఆ మసక చేను మా బాది. ఆమె కట్టుకున్న ఫేటియా మా నానిది. ఈ రెండూ క్యాలెండర్ చూసినవాళ్ళకు తెలియవు.

నానిది దెగ్లూర్ అవతలి తండా. సరిహద్దుకు ఇవతల మేం 1976 చట్టం తర్వాత ఎస్టీలం. అవతల మా మేనమామలు అదే మాట మాట్లాడి, అదే దేవతలను కొలిచి, ఎస్టీలు కారు, విముక్త జాతుల కింద వస్తారు. కర్ణాటక వైపు చుట్టాలు ఎస్సీలు. నాని పోయి పదకొండేళ్ళు. ఆమె ఫేటియా మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. అంచు పట్టీ చిరిగింది, చెల్లెలి పెళ్ళికి యాడి దాన్ని మళ్ళీ కుట్టాలనుకుంది. ఒక కుట్టు దగ్గర ఆగిపోయింది. నాని చేస్తుంటే చూసిందే కాని చేత్తో నేర్చుకోలేదు, ఇప్పుడు కళ్ళు ఆనవు. కర్ణాటకలో సండూరు వైపు మా వాళ్ళ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, కిలన్, వేలె, బక్య, మకి అని అక్కడ కుట్లకు రాసిపెట్టుకున్న పేర్లు ఉన్నాయి. మా తండాలో ఎవరూ రాసిపెట్టలేదు.

ఫేటియాను వాకిట్లో మంచం మీద పరిచి క్లిప్పు పెట్టాను. మొదటి చిక్కు అద్దాల బిళ్లలు. ప్రతి బిళ్లలో నా ఫోనే కనిపించింది, నా వేళ్ళతో సహా. ఒక తెల్ల అట్టకు రూపాయి బిళ్లంత బొక్క చేసి, అందులోంచి లెన్స్ చూసేట్టు పెడితే అద్దాల్లో తెలుపు తప్ప ఏమీ పడలేదు. పక్కన బడి స్కేలు పెట్టాను, కొలత తెలియడానికి. ఎండను పక్క నుంచి పడనిచ్చాను. అప్పుడు దారం దారం లేచి కనిపించింది. ఏది మీది నుంచి పోతోంది, ఏది కింద దూరుతోంది, ముడి ఎటు తిరిగింది అన్నీ.

హాలండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో 17వ శతాబ్దంలో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. బట్టలో పోగులు లెక్కపెట్టడానికి వ్యాపారులు వాడే భూతద్దంతో మొదలుపెట్టి, తనే చిన్న గాజు బిళ్లలు అరగదీసుకుని, నీటి చుక్కలో కదిలే సూక్ష్మజీవులను 1670ల్లో చూశాడు. నేను పురుగుతో మొదలై బట్ట దగ్గరికి వచ్చాను, ఆయన బట్ట నుంచి పురుగు దగ్గరికి పోయాడు. పిల్లలకు ఈ కథ చెబితే, "ఆయన టీచరా సార్?" అన్నారు. కాదు.

ఫోటోలను బడి టీవీలో పెట్టి చూపించాను. యాడి ముందు కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. మంచం పట్టె అంత దారాలు తెర మీద. యాడి గాలిలో వేలితో సూది పోయే దారి గీసింది, మళ్ళీ గీసింది, తప్పు అని తల ఊపింది, మూడోసారి పక్కింటి ఆమె చేయి పట్టుకుని, "వెనక్కొచ్చి దూరాలె, సూడు" అంది. పాత గుడ్డ ముక్క మీద అక్కడే కుట్టి చూశారు. సాయంత్రానికి ఆ కుట్టు వచ్చింది. చెల్లెలు కూడా కుట్టింది, ఆమెవి ఇంకా దూరం దూరం.

చివరి ఫోటోలు కింది మూలవి. అందులో ఒకచోట ఎరుపు దారాల మధ్య జానెడు మేర నీలం దారం. వరస తప్పి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, ఒకచోట సూది బట్టను చింపినట్టు కూడా ఉంది. నాని చేతిలో అలాంటిది వచ్చే మాటే లేదు. ఎలుక కొరికితే ఎవరో అతుకు వేశారేమో అనుకుని నేను తరవాతి ఫోటోకు జరపబోయాను. యాడి ఆపింది. లేచి తెర దగ్గరికి పోయి, కళ్ళు చిట్లించి, నీలం దారం మీద వేలు పెట్టింది.

"ఈ మారో ఛ" అంది. ఇది నాది.

ఆరేడేళ్ళప్పుడు నాని నీళ్ళకు పోతే, సూది తీసుకుని దొరికిన దారంతో కుట్టిందట. నాని వచ్చి చూసి తిట్టిందట. విప్పేస్తానందట. విప్పిందనే యాడి ఇన్నేళ్ళూ అనుకుంది.